ఉద్యోగానికి వెళ్తున్నారుగా, ఇంకేం?

అమెరికా సైన్యంలో పనిచేసి బయటికొచ్చినవాళ్ళకి, సర్వీసులో తగిలిన దెబ్బలకీ పట్టుకున్న జబ్బులకీ వెటరన్స్ అఫైర్స్ శాఖ నెలనెలా పరిహారం ఇస్తుంది. అందరూ దాన్ని వీఏ అంటారు, నేనూ అలాగే రాస్తాను. ఏ జబ్బు ఎంత తీవ్రంగా ఉందో శాతాల్లో లెక్కగడతారు. ఆ లెక్కల పుస్తకంలో మైగ్రేన్ నంబరు 8100. దాని కింద ఉన్నవి నాలుగే వాక్యాలు. మనిషిని పడగొట్టేసే నొప్పి సగటున రెండు నెలలకోసారి వస్తుంటే 10 శాతం. నెలకోసారి వస్తుంటే 30. రెండు నెలలకోసారి కూడా రాకపోతే సున్నా. ఇక చాలా తరచుగా, పూర్తిగా పడగొట్టేస్తూ, చాలాసేపు వదలకుండా, బతుకుతెరువునే తీవ్రంగా దెబ్బతీసేలా వస్తుంటే 50. మైగ్రేన్‌కి ఈ పట్టికలో అంతకు మించి లేదు.

డబ్బు లెక్కలో చెప్పాలంటే, 2024 డిసెంబరు నుంచి 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న రేట్ల ప్రకారం ఒంటరి వెటరన్‌కి 30 శాతం అంటే నెలకి దాదాపు 537 డాలర్లు. 50 శాతం అంటే దాదాపు 1,102. భార్యాపిల్లలుంటే ఇంకొంచెం కలుస్తుంది.

30కీ 50కీ మధ్య అడ్డంగా నిలబడింది ఆ బతుకుతెరువు అనే షరతే. నేను రాయబోయేదంతా దాని గురించే. కోర్టు దానికి చెప్పిన అర్థం ఒకటి. ఫైలు చూసి రేటింగ్ వేసేచోట తరచు జరిగేది ఇంకొకటి. అక్కడ అది "ఉద్యోగానికి వెళ్తున్నారుగా, ఇంకేం?" అన్న ప్రశ్న అయి కూర్చుంటుంది. ఉద్యోగం నిలబెట్టుకున్న మనిషి నొప్పి చిన్నదే అయ్యుంటుందనుకోవడం తప్పు. ఆ ఉద్యోగం ఎవరెవరి భుజాల మీద నిలబడి ఉందో చూడకుండా రేటింగ్ వేయడం అన్యాయం. ఆ భుజాల్లో ఒక జత నావి కాబట్టి గట్టిగానే అంటున్నాను.

మావారు మావ్నీ బ్యాచ్. తెలియనివాళ్ళ కోసం చెప్తాను. 2009లో మొదలైన పథకం అది. గ్రీన్ కార్డు లేకపోయినా, స్టూడెంట్ వీసాలాంటి వాటి మీద చట్టబద్ధంగా ఇక్కడుంటూ, సైన్యానికి అక్కరకొచ్చే భాషో వైద్యవృత్తో చేతిలో ఉన్నవాళ్ళని సైన్యంలోకి తీసుకునేవారు. పౌరసత్వం కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూడనక్కర్లేకుండా, శిక్షణ అయ్యే నాటికే ఇచ్చేసేవారు. 2016లో కొత్తవాళ్ళని తీసుకోవడం ఆపేసే లోపల పదివేల మందికి పైగా అలా చేరారు. వాళ్ళలో మన కుర్రాళ్ళూ ఉన్నారు. "ఇంజినీరింగ్ చదివించింది మిలిటరీకి పంపడానికా?" అని మా మావగారిని ఊళ్ళో అడగనివాళ్ళు లేరు.

ఈ సంగతి ఎందుకు చెప్తున్నానంటే, తరతరాలుగా ఇక్కడున్న కుటుంబాల్లో వీఏ ఫైలు ఎలా నడుస్తుందో చెప్పడానికి ఓ తాతో, మేనమామో ఉంటాడు. వియత్నాం నుంచి వచ్చినాయనో, గల్ఫ్ యుద్ధం నుంచి వచ్చినాయనో డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చోబెట్టి ఏ కాగితం దాచుకోవాలో చెప్తాడు. మనకి ఆ తాత లేడు. మన వాట్సాప్ గ్రూపుల్లో హెచ్ వన్ బీ గురించి అడిగితే పదిమంది చెప్తారు, దీని గురించి అడిగితే నిశ్శబ్దం. నేను నేర్చుకున్నదంతా చదివి నేర్చుకున్నదే. వీఏ నిర్ణయాల మీద అప్పీళ్ళు వినే బోర్డు ఆఫ్ వెటరన్స్ అప్పీల్స్ తన తీర్పుల్ని పేర్లు తీసేసి ఆన్‌లైన్‌లో పెడుతుంది, ఎవరైనా చదవొచ్చు. మైగ్రేన్ అని వెతికితే కుప్పలు తెప్పలుగా వస్తాయి. పిల్లలు పడుకున్నాక అవి చదవడం నాకో అలవాటయింది.

ఆయన తలకి దెబ్బ తగిలింది యుద్ధంలో కాదు, శిక్షణలో. హంవీ అనే మిలిటరీ బండి బోల్తా పడింది. హెల్మెట్ ఉంది, కొద్దిసేపు స్పృహ తప్పింది. మెడిక్ చూసి, కళ్ళలో లైటు వేసి, 800 మిల్లీగ్రాముల ఐబుప్రొఫెన్ చేతిలో పెట్టి పంపాడు. సైనికులు దాన్ని విటమిన్ ఎమ్ అంటారు, మోట్రిన్‌కి ముద్దుపేరు. కాలు బెణికినా అదే, నడుం పట్టినా అదే, తల పగిలినా అదే. తర్వాత తలనొప్పులు మొదలయ్యాయి. పొద్దున్నే సిక్ కాల్‌కి, అంటే ఒంట్లో బాగాలేదని డాక్టరుకి చూపించుకోవడానికి వెళ్తే యూనిట్‌లో ఎలా చూస్తారో, ప్రొఫైల్ మీద, అంటే డాక్టరు కొన్ని పనులు చేయొద్దని రాసిచ్చిన కాగితం మీద ఉన్నవాడంటే పని ఎగ్గొట్టేవాడని ఎలా అనుకుంటారో సైన్యంలో ఉన్నవాళ్ళని అడిగితే చెప్తారు. ఆయనా వెళ్ళలేదు. అప్పటికే యాసని చూసి నవ్వేవాళ్ళున్నారు, మళ్ళీ తలనొప్పి కూడానా అని ఆయనే అనుకున్నారట. అలా సర్వీసు మెడికల్ రికార్డులో ప్రమాదం మిగిలింది, ఆ తర్వాతి నొప్పుల్లో చాలా భాగం కాగితం మీదకి ఎక్కలేదు. ఈ కథ మా ఒక్కళ్ళది కాదు. బోర్డు తీర్పుల్లో ఇది పదేపదే కనిపిస్తుంది: సర్వీసులో ఉన్నప్పుడు ఓర్చుకున్నాడు, ఓర్చుకున్నాడు కాబట్టి రికార్డు లేదు, రికార్డు లేదు కాబట్టి మొదట నమ్మలేదు.

మాకు అంత దూరం రాలేదు. ప్రమాదం నమోదై ఉంది కాబట్టి సర్వీసు వల్ల వచ్చిందని ఒప్పుకున్నారు. తల దెబ్బల కోసం 8045 అని వేరే నంబరుంది. దాని కిందే, మైగ్రేన్‌లాంటిది విడిగా నిర్ధారణ అయితే దానికి విడిగా రేటింగ్ వేయాలని కూడా రాసుంది. వేశారు, 30 శాతం. పేచీ అక్కడి నుంచి.

నొప్పి వచ్చిన రోజు మా ఇల్లు ఎలా ఉంటుందో చెప్తాను, ఎందుకంటే నా వాదనంతా ఆ రోజులోనే ఉంది. ముందు చూపుతో మొదలవుతుంది. నా ముఖంలో ఎడమ సగం కనిపించడం లేదంటారు. ఆ లేని సగం అంచుల్లో వంకరటింకర మెరుపు గీతలు. తర్వాత మాట తడబడుతుంది. చెంచా అనబోయి కాసేపు ఆగి, వేలు చూపిస్తారు. అప్పటికి ఇంట్లో ఉంటే అదృష్టం. కారులో ఉంటే ఎక్కడున్నారో అక్కడే పక్కకి ఆపి నాకు ఫోన్ చేస్తారు, మాట రాకపోతే ఊరికే లొకేషన్ పంపుతారు. నేను నా పని వదిలేసి, పక్కింటావిడని తోడు తీసుకుని వెళ్తాను. రెండో కారు తేవడానికి రెండో మనిషి కావాలి కదా.

ఇంటికొచ్చాక పడగ్గది కూడా పనికిరాదు, బ్లైండ్స్ సందుల్లోంచి వెలుతురొస్తుంది. కిటికీ లేని వాకిన్ క్లాజెట్‌లో, బట్టల కింద, నేల మీద పడుకుంటారు. పక్కన బకెట్. మైగ్రేన్‌కి వేసుకునే ట్రిప్టాన్ మాత్ర ఒక్కోసారి కడుపులో నిలుస్తుంది, ఒక్కోసారి నిలవదు. ఆ రోజు నేను పోపు పెట్టను. ఇంగువ వాసన మేడ మీదకి చేరిందంటే మళ్ళీ వాంతి. కుక్కర్ విజిల్ లేదు, మిక్సీ లేదు, డోర్‌బెల్ తీసేసి డ్రాయర్‌లో పెడతాను. పిల్లలకి పెరుగన్నం. పచ్చడి సీసా గరాజ్‌లోకి పట్టుకెళ్ళి మూత తీసి, వాళ్ళ కంచాల్లో వేసుకొస్తాను. చిన్నవాడు మూడేళ్ళప్పుడే గుసగుసగా ఏడవడం నేర్చుకున్నాడు.

వైద్యుల లెక్కలో మైగ్రేన్ నొప్పి 4 గంటల నుంచి 72 గంటల దాకా ఉండొచ్చు. ఈయనకి తరచు ఆ రెండో అంకె వైపే మొగ్గుతుంది. తగ్గిన మర్నాడు మనిషి చెరకు పిప్పిలా ఉంటారు. ఆ స్థితిలోనే లాప్‌టాప్ తెరిచి ఉద్యోగానికి కూర్చుంటారు. వీఏ ఫైలుకి కనిపించేది ఆ లాప్‌టాప్ ముందు కూర్చున్న మనిషే.

రేటింగ్ కోసం సీ అండ్ పీ పరీక్ష ఉంటుంది. వీఏ డాక్టరో, కాంట్రాక్టు సంస్థ పంపిన డాక్టరో చేస్తారు. తలనొప్పులకి ఓ ప్రశ్నావళి ఉంది. పడగొట్టేసే నొప్పి వస్తుందా, ఎన్నాళ్ళకోసారి వస్తుంది, పని మీద ప్రభావం ఉందా, ఇలాంటివి. మావారిని అడిగినావిడ మర్యాదగానే అడిగారు. ఉద్యోగం చేస్తున్నారా అంటే చేస్తున్నానన్నారు. ఎలా ఉంది అంటే "మేనేజ్ చేస్తున్నాను" అన్నారు. సైన్యం నేర్పిన జవాబు అది, పైగా మన ఇళ్ళలో మగపిల్లలకి చిన్నప్పుడే నేర్పే జవాబు కూడా. ఆ రెండు మాటలూ నివేదికలోకి ఎక్కాయి. ఎలా మేనేజ్ చేస్తున్నారు అని తర్వాతి ప్రశ్న వేయాలని ఆ కాగితంలో ఎక్కడా లేదు.

ఇప్పుడు చట్టం సంగతి. 2004లో వెటరన్స్ అప్పీళ్ళ కోర్టు పియర్స్ వర్సెస్ ప్రిన్సిపీ అనే కేసులో సరిగ్గా ఈ 50 శాతం వాక్యాన్నే పట్టుకుంది. ప్రిన్సిపీ అప్పటి వీఏ కార్యదర్శి. బతుకుతెరువు దెబ్బతినడమంటే ఉద్యోగం పోవడం కాదని కోర్టు చెప్పింది. అసలు పనే చేయలేని స్థితి ఉంటేనే 50 శాతం అనడం కుదరదు, ఎందుకంటే పనే చేయలేనివాళ్ళకి టీడీఐయూ అని వేరే ఏర్పాటుంది, దాని కింద 100 శాతం రేటు ప్రకారం డబ్బు వస్తుంది. 50కీ 100కీ ఒకే షరతు ఎలా ఉంటుంది? ఇంకో ముఖ్యమైన సంగతి: నొప్పి ఆ నష్టాన్ని అప్పటికే కలిగించి ఉండనక్కర్లేదు, కలిగించగల స్థాయిలో ఉన్నా ఆ వాక్యం వర్తించవచ్చు. వాదనల్లో వీఏ తరఫువాళ్ళు కూడా దీన్ని ఒప్పుకున్నారు.

ఇరవయ్యేళ్ళు దాటింది. అయినా ఇప్పటికీ బోర్డు తీర్పులు తెరిస్తే, కింది స్థాయిలో "ఫుల్‌టైమ్ ఉద్యోగంలో ఉన్నారు" అన్న కారణంతో 30 దగ్గర ఆపేసిన కేసులు కనిపిస్తూనే ఉంటాయి. కొన్నిటిని బోర్డు సరిదిద్దుతుంది. కొన్నిటిలో బోర్డే ఆ కారణం రాస్తుంది, కోర్టు వెనక్కి పంపుతుంది. ఒక్కో మెట్టుకీ నెలలు, ఒక్కోసారి ఏళ్ళు.

నాకు అన్నిటికంటే కోపం తెప్పించేది ఇంకోటుంది. ఈ శాతాల పుస్తకానికి పునాది అయిన చట్టం, 1155వ సెక్షన్, రేటింగులు సగటు సంపాదన సామర్థ్యం ఎంత తగ్గుతుందన్న దాని మీద ఉండాలంటుంది. సగటు. ఫలానా మనిషి జీతం ఎంత అని కాదు. అందుకే మోకాలి కింద కాలు తీసేసి, కృత్రిమ కాలు అమర్చుకునే వీలున్న వెటరన్‌కి 40 శాతం ఇస్తారు. అతను తర్వాత పెద్ద లాయరై లక్షలు సంపాదించినా ఆ 40 తగ్గదు. తగ్గకూడదు కూడా. "కోర్టుకి వెళ్తున్నావుగా, ఇంకేం?" అని అతన్ని ఎవరూ అడగరు, అడిగితే సిగ్గుచేటు. కాలు లేకుండా పనిచేయడం ఎంత కష్టమో చూసేవాళ్ళకి కనిపిస్తుంది. నొప్పితో పనిచేయడం కనిపించదు. కనిపించని జబ్బుకి మాత్రం, పనిచేయడమే జబ్బు లేదనడానికి రుజువైపోతుంది.

అసలీ ఉద్యోగం ఎలా నిలబడింది? ఆయన టీమ్ లీడ్ మంచివాడు. ఆన్‌కాల్ వారాలు తను తీసుకుని, నొప్పి లేని రోజుల్లో ఈయన చేత వేరే పనులు చేయిస్తాడు. రేపు ఆ మనిషి కంపెనీ మారితే ఏమవుతుందో మాకు తెలియదు. సెలవులు అయిపోయాక ఎఫ్ఎంఎల్ఏ కింద విడతలుగా జీతం లేని సెలవు వాడుకుంటారు. 1993 నాటి చట్టం అది, ఏడాదికి 12 వారాలు. ఉద్యోగం పోదు, కానీ ఆ రోజుల జీతం పోతుంది. ప్రమోషన్ రెండుసార్లు చేతిదాకా వచ్చి పోయింది, అందులో ప్రయాణాలున్నాయి కాబట్టి ఆయనే వద్దన్నారు.

ఇక నేను. నేను ఫార్మసీలో ఫుల్‌టైమ్ చేసేదాన్ని. ఎప్పుడు ఫోనొస్తే అప్పుడు పరిగెత్తాల్సిన మనిషిని ఏ ఫార్మసీ షిఫ్టుల్లో పెట్టుకుంటుంది? పార్ట్‌టైమ్‌కి మారాను. మా ఇంట్లో బతుకుతెరువు దెబ్బతిన్నది ఆయన పేస్టబ్‌లో, అంటే జీతం చీటీలో కంటే నా పేస్టబ్‌లో ఎక్కువ కనిపిస్తుంది. నేను మారకపోయి ఉంటే ఆయన ఉద్యోగం పోయి ఉండేది, అప్పుడు ఆ 50 శాతం వాక్యం అందరికీ సుబ్బరంగా అర్థమయ్యేది. ఇంటిల్లిపాదీ కలిసి ఒక మనిషిని పడిపోకుండా పట్టుకుంటే, చూశారా పడిపోలేదు అని రాసుకోవడం ఏ న్యాయం?

సాక్ష్యం దగ్గరికి వస్తాను. మైగ్రేన్‌కి రక్తపరీక్ష లేదు. ఎమ్మారై తీస్తే చాలామందికి మామూలుగానే ఉంటుంది. నొప్పి ఉచ్చస్థితిలో ఉన్నవాణ్ణి డాక్టరు చూడటం దాదాపు ఉండదు, ఎందుకంటే ఆ స్థితిలో మనిషి కారెక్కి ట్యూబ్‌లైట్ల కింద వెయిటింగ్ రూమ్‌లో కూర్చోలేడు. 8100 అడిగేదేమో సరిగ్గా అదే: పడగొట్టేసిందా, ఎన్నిసార్లు, ఎంతసేపు? ఈ మూడు ప్రశ్నలకీ జవాబు చూసినవాళ్ళు ఎవరు? ఆ ఇంట్లో ఉన్నవాళ్ళు. నాడీవైద్యుడికి తెలిసేదంతా మనం చెప్తేనే తెలుస్తుంది. మనం చెప్పింది ఆయన చార్టులో రాస్తే వైద్య సాక్ష్యం అవుతుంది, అదే మాట మనం నేరుగా రాసి పంపితే "భార్య చెప్పిన మాట" అవుతుంది.

చట్టం ఇక్కడా మన వైపే ఉంది. 1994లో లేనో కేసులో కోర్టు, మామూలు మనిషి తను కళ్ళారా చూసినదాని గురించి, తను అనుభవించినదాని గురించి సాక్ష్యం చెప్పడానికి అర్హుడేనంది. ఇది మైగ్రేనా, క్లస్టర్ తలనొప్పా అని నేను తేల్చలేను, తేల్చనక్కర్లేదు కూడా. చీకటి గదిలో పడుకున్నాడా, వాంతి చేసుకున్నాడా, పిల్లవాడి పుట్టినరోజు మధ్యలో లేచి వెళ్ళిపోయాడా అన్నది నాకు తెలుసు. 2006లో బ్యుకానన్ కేసులో దానికి పైనున్న ఫెడరల్ సర్క్యూట్ కోర్టు, ఆనాటి వైద్య రికార్డు లేదన్న ఒక్క కారణంతో అలాంటి మాటని నమ్మదగనిదిగా కొట్టేయకూడదంది. అటూ ఇటూ సాక్ష్యం సమానంగా తూగితే వెటరన్ వైపు మొగ్గాలన్నది 5107వ సెక్షన్.

"భార్యకి డబ్బు అవసరం, అబద్ధం చెప్పొచ్చుగా" అనేవాళ్ళున్నారు. మన స్నేహితుల్లోనే ఒకాయన మా డ్రాయింగ్ రూమ్‌లో కూర్చుని, మొహమాటం లేకుండా అడిగారు. అడగాల్సిన ప్రశ్నే. తలనొప్పి నటించడం తేలికే, పన్నులు కట్టేవాళ్ళ డబ్బుకి కాపలా ఉండాల్సిందే. దీనికీ కోర్టు ఎప్పుడో జవాబు చెప్పింది, 1991లో కార్ట్‌రైట్ కేసులో: సాక్షికి స్వప్రయోజనం ఉందన్న సంగతిని తూకంలో వేయొచ్చు, కానీ ఆ ఒక్క కారణంతో సాక్ష్యాన్ని పక్కన పడేయకూడదు. తూకం వేయమనే నేనూ అంటున్నాను. నా కాగితాన్ని ఫార్మసీ రీఫిల్ తేదీలతో పోల్చండి. సెలవు రికార్డుతో పోల్చండి. ఆయన టీమ్ లీడ్ ఉత్తరంతో పోల్చండి. ఎక్కడైనా అతకకపోతే అడగండి. "భార్య ఉత్తరం కూడా పరిశీలించాం" అని ఒక్క వాక్యం రాసి పేజీ తిప్పేయడం తూకం వేయడం కాదు.

తలనొప్పి అంటే ఈ దేశంలో పైనుంచి కిందిదాకా ఎంత చులకనో 2020 జనవరిలో లోకమంతా చూసింది. ఇరాక్‌లోని అల్ అసద్ స్థావరం మీద ఇరాన్ క్షిపణులు వేసింది. మొదట ఎవరికీ ఏమీ కాలేదన్నారు. తర్వాత తల దెబ్బలు తగిలినవాళ్ళు పదకొండు మందన్నారు, ఆ లెక్క పెరిగి పెరిగి చివరికి 110కి చేరింది. దావోస్‌లో విలేకరులు అడిగితే నాటి అధ్యక్షుడు ట్రంప్, వాళ్ళకి తలనొప్పులు, ఇంకేవో కొన్ని ఉన్నాయని విన్నాననీ, తను చూసిన గాయాలతో పోలిస్తే అవంత తీవ్రమైనవి కావనీ అన్నారు. వెటరన్స్ ఆఫ్ ఫారిన్ వార్స్ సంఘం క్షమాపణ చెప్పమంది. తర్వాత వాళ్ళలో చాలామందికి, శత్రువు చేతిలో గాయపడిన సైనికులకిచ్చే పర్పుల్ హార్ట్ పతకాలు ఇచ్చారు, కొందరికి దాదాపు రెండేళ్ళు పట్టింది. మావారు ఆ వార్త వింటూ టీవీ కట్టేసి, ఏమీ అనకుండా గిన్నెలు కడగడానికి వెళ్ళారు.

మెరుగుపడలేదని అనను. 1988 దాకా వీఏ నిర్ణయం మీద కోర్టుకి వెళ్ళే హక్కే లేదు. లాయరుకి పది డాలర్లకి మించి ఇవ్వకూడదన్న అంతర్యుద్ధం నాటి నిబంధన కూడా అప్పటిదాకా నడిచింది. పది డాలర్లకి ఏ లాయరొస్తాడు? ఆ ఏడాది వచ్చిన చట్టంతోనే ప్రత్యేక కోర్టు ఏర్పడింది. 2017లో అప్పీళ్ళ పద్ధతి మార్చి, 2019 ఫిబ్రవరి 19 నుంచి మూడు దారులు పెట్టారు. ఇవి మనవాళ్ళకి తెలియాలి కాబట్టి చెప్తాను.

నిర్ణయం వచ్చిన ఏడాదిలోపు ఏదో ఒక దారి పట్టాలి. అలా పడుతూ ఉంటే, ఎప్పుడు గెలిచినా డబ్బు మొదటి దరఖాస్తు తేదీ నుంచి లెక్కకొచ్చే అవకాశం నిలబడుతుంది. ఏడాది దాటనిస్తే ఆ తేదీ పోతుంది. కొత్త సాక్ష్యం ఉంటే సప్లిమెంటల్ క్లెయిమ్. ఉన్న ఫైలులోనే తప్పు చదివారనిపిస్తే హయ్యర్ లెవెల్ రివ్యూ, అంటే ఇంకో పై అధికారి మళ్ళీ చూడటం. అందులో కొత్త కాగితాలు తీసుకోరు, కానీ ఫోన్లో ఒకసారి మాట్లాడే అవకాశం అడగొచ్చు. పియర్స్ కేసుని పట్టించుకోలేదన్న తప్పు ఉంటే ఇది మంచి దారి అని నా అభిప్రాయం. మూడోది బోర్డు. అక్కడ మళ్ళీ మూడు వరుసలు: ఉన్న ఫైలు మీదే తీర్పు, 90 రోజుల్లో కొత్త సాక్ష్యం పంపే వీలు, లేదా న్యాయమూర్తి ముందు విచారణ. విచారణ వరుస బాగా పొడుగు. బోర్డు కూడా కాదంటే 120 రోజుల్లో కోర్టుకి.

సాయం ఉచితంగా దొరుకుతుంది. డీఏవీ, వీఎఫ్‌డబ్ల్యూ (ఇందాక చెప్పిన వెటరన్స్ ఆఫ్ ఫారిన్ వార్స్), అమెరికన్ లీజియన్‌లాంటి వెటరన్ల సంఘాల్లో వీఏ గుర్తింపు ఉన్న ప్రతినిధులు పైసా తీసుకోకుండా ఫైలు చూస్తారు. "మీ రేటింగ్ పెంచుతాం, పెరిగిన దాంట్లో ఇన్ని నెలలది మాకివ్వండి" అని ఫేస్‌బుక్‌లో వెంటపడే కంపెనీల జోలికి పోకండి. మొదటి దరఖాస్తు తయారుచేసి పెట్టినందుకు ఎవరూ డబ్బు తీసుకోకూడదు, గుర్తింపు లేనివాళ్ళు అసలు ఆ పనే చేయకూడదు.

ఇంట్లోవాళ్ళు రాసే ఉత్తరం గురించి కొంచెం ఎక్కువ చెప్తాను, అది నేను చాలాసార్లు తిరగరాశాను కనుక. 21-10210 అని దానికో ఫారం ఉంది. "మావారికి విపరీతమైన తలనొప్పి, చాలా బాధపడుతున్నారు" అని రాస్తే అది ప్రేమ, సాక్ష్యం కాదు. తేదీ రాయండి. ఎన్ని గంటలకి పడుకున్నారు, ఎప్పుడు లేచారు, ఏం తిన్నారు, తిన్నది నిలిచిందా అన్నది రాయండి. ఆ రోజు ఆయన చేయాల్సిన పని ఏది ఎవరు చేశారో రాయండి. లాన్ ఎవరు కోశారు, పిల్లల్ని స్కూలు నుంచి ఎవరు తెచ్చారు, ఆయన మీటింగ్‌కి బదులు ఎవరు కూర్చున్నారు. మేము ఫ్రిజ్ మీద కాలెండర్ పెట్టి, పడిపోయిన రోజుకి అడ్డగీత, అందులో పనిరోజైతే దాని చుట్టూ గుండ్రం గీస్తాం. నెల తిరిగేసరికి ఫోటో తీసి దాస్తాను. పెద్దమ్మాయి ఇప్పుడు నేను చెప్పకుండానే గీస్తోంది.

ముఖ్యంగా "ఉద్యోగం చేస్తున్నారు" అన్న వాక్యం దగ్గర చుక్క పెట్టకండి. ఎలా చేస్తున్నారో రాయండి. ఎవరి దయ మీద, ఎన్ని జీతం లేని రోజుల మీద, ఇంట్లో ఎవరి సంపాదన తగ్గించుకుని. టీమ్ లీడ్‌నో, సూపర్‌వైజర్‌నో అడిగి ఓ ఉత్తరం తీసుకోండి. మనవాళ్ళు ఇక్కడే వెనకాడతారు. ఆఫీసులో జబ్బు సంగతి తెలిస్తే చులకనైపోతామని, ఊళ్ళో తెలిస్తే రేపు పిల్లల పెళ్ళిళ్ళకి అడ్డమని. మావారిని ఒప్పించడానికి నాకూ చాలా కాలం పట్టింది.

వీఏని నేను అడిగేది పెద్దదేం కాదు, చట్టం మార్చనక్కర్లేదు. తలనొప్పుల ప్రశ్నావళిలో పని మీద ప్రభావం ఉందా అన్న గడి పక్కన ఇంకో రెండు ప్రశ్నలు చేర్చండి: పని ఆగిన రోజుల్లో దాన్ని ఎవరు చేశారు? ఈ మనిషి ఉద్యోగం నిలబడటానికి ఇంట్లో, ఆఫీసులో ఎవరెవరు ఏం వదులుకున్నారు? రేటింగ్ రాసేవాళ్ళు ఉద్యోగాన్ని కారణంగా చూపేటప్పుడు, పియర్స్ తీర్పు ప్రకారం అది ఎందుకు సరిపోతుందో రెండు వాక్యాల్లో వివరించాలని నియమం పెట్టండి. ఇంట్లోవాళ్ళ ఉత్తరాన్ని నమ్మకపోతే, ఎక్కడ నమ్మలేదో చెప్పమనండి.

మా ఫైలు ఇప్పుడు బోర్డు దగ్గర, సాక్ష్యం పంపే వరుసలో ఉంది. కాలెండర్ ఫోటోలు, సెలవు రికార్డు, టీమ్ లీడ్ ఉత్తరం సర్దాను. వాటితోపాటు ఫుల్‌టైమ్ నాటి నా పేస్టబ్, ఇప్పటి నా పేస్టబ్ పక్కపక్కన పెట్టి స్కాన్ చేశాను. సంఘం ప్రతినిధి చూసి, ఇలాంటిది ఎవరూ పంపగా చూడలేదు, పంపితే తప్పేం లేదు అన్నాడు. గడువు లోపలే పంపుతున్నాను.